రెండు వేళ్ల మేర

పుస్తకాన్ని వీపు దగ్గర పట్టుకుని, తలకిందులు చేసి మూడుసార్లు దులపాలి. ఆ తర్వాత మొదటి పేజీ తెరిచి ఎర్ర సిరాతో ‘తొలగించినది’ అనే ముద్ర వేయాలి. సినిమా అయితే పెట్టె తెరిచి, డిస్కు ఉందో లేదో బొటనవేలితో నొక్కి చూసి, అట్ట వెనక జేబులో ఉన్న కాగితాలు లాగి చూసి మళ్లీ సర్దాలి. బుధవారం పొద్దుటి నుంచీ ఇర్మెలి చేస్తున్న పని ఇదే. మధ్యాహ్నానికి నాలుగు వందలు దాటాయి. బొటనవేలికి అంటిన ఎరుపు సబ్బుతో కడిగినా పోలేదు. ఇక కడగడం మానేసింది.

కైస్లవారా ఊరి లైబ్రరీ శనివారంతో మూతపడుతుంది. ఇరవై ఏడేళ్లుగా దాన్ని ఒక్కచేత్తో నడిపిన ఇర్మెలికి సోమవారం నుంచి నలభై కిలోమీటర్ల అవతల, పట్టణం లైబ్రరీ వెనకగదిలో లేబుళ్లు అంటించే పని. కొత్త పుస్తకాలు కూడా ఆమెతోపాటే పట్టణానికి పోతాయి. మిగిలినవాటిని మూడు రోజుల్లో అమ్మేయమన్నారు. గురువారం పిల్లల పుస్తకాలు, శుక్రవారం పెద్దలవి, శనివారం సినిమాలు. పాతవి తీసేసినప్పుడల్లా పాటించే వరస ఇది. ఊరందరికీ తెలుసు.

ఏమేం లేవు ఆ అరల్లో! దుప్పిని ఎలా వేటాడాలో చెప్పే వీడియోలు, ఆవిరిస్నానపు గది సొంతంగా కట్టుకోవడం ఎలాగో చెప్పే పుస్తకాలు, యుద్ధం నవలలు, చూపు ఆనని వాళ్లకోసం పెద్దక్షరాల హత్యకథలు, పుట్టగొడుగుల బొమ్మలు, పిల్లల కార్టూన్లు, మూలకు పెట్టిన పదకొండు డిస్కుల ఓడ డాక్టరు సీరియల్. ఏది ఎవరి చేతుల్లో అరిగిందో ఇర్మెలి కళ్లు మూసుకుని చెప్పగలదు. చెప్పదు, అంతే. ఎవరు ఏం చదువుతారన్నది లైబ్రరీ గడప దాటకూడదని చట్టం. ఆ చట్టం లేకపోయినా ఆమె చెప్పేది కాదు. మా కైస్లవారాలో మాట్లాడేవాళ్లకన్నా మాట్లాడనివాళ్లకే మర్యాద ఎక్కువ. ఆ లెక్కన ఇర్మెలిని మించిన మర్యాదస్తురాలు ఊళ్లో లేదు.

గోడకు ఇంకా ఏప్రిల్ నాటి పేపరు ముక్క ఉంది. ఊరి పాలకమండలి అధ్యక్షుడు కలెర్వో ఫొటో, కింద ఆయన మాట: ‘ఆ లైబ్రరీకి వచ్చేది పన్నెండుమంది ముసలమ్మలు. వాళ్లూ వచ్చేది హీటరు కోసం.’ ఆ ముక్కను ఇర్మెలే కత్తిరించి అంటించింది. ఎందుకని ఎవరూ అడగలేదు. రోజూ పొద్దున్నే కోటు విప్పుతూ ఒకసారి చదువుకునేది. చదివినప్పుడల్లా కోపం కొత్తగా రాజుకునేది.

సాయంత్రం బల్ల కింద నుంచి బిస్కెట్ డబ్బా తీసింది. పుస్తకాల్లో జనం మరిచిపోయినవన్నీ అందులోనే. ఎవరివో తెలిసినవి తిరిగి ఇచ్చేసేది, తెలియనివి డబ్బాలో వేసేది. లాటరీ కాగితాలు, రైలు టిక్కెట్లు, అదృష్టం కోసం దాచుకునే నాలుగాకుల గడ్డి, ఒక ఆవు ఫొటో, కాగితంలో చుట్టిన పిల్లాడి పాలపన్ను. అన్నిటికీ అడుగున ఒక ఉత్తరం. ఎవరిదో తెలిసి కూడా తిరిగి ఇవ్వనిది అదొక్కటే.

పద్నాలుగేళ్ల కిందట కలెర్వో కార్డు మీద వెళ్లిన వేటకుక్కల పెంపకం పుస్తకంలో వచ్చింది అది. పుస్తకం వాపసు ఇచ్చింది ఆయన భార్య ఐలా. మా ఊళ్లో మగవాళ్లు పుస్తకాలు తీసుకెళ్తారు, ఆడవాళ్లు తెచ్చి ఇస్తారు. పేజీల మధ్య నుంచి కవరు రెండు వేళ్ల మేర బయటికి వచ్చి ఉంది. ఎంత నిర్లక్ష్యం మనిషివయ్యా అనుకుంది ఇర్మెలి అప్పట్లో. కవరు మీద కలెర్వో పేరు, ఆఫీసు చిరునామా. చదవలేదని చెప్పుకుంటే బాగుండేది. చదివింది. కువొపియో నగరంలో ఉండే మిర్యా అనే ఆవిడ రాసింది. పాలకమండలి శిక్షణ తరగతులని చెప్పి ఇంటి నుంచి వెళ్లిన మూడు వారాంతాల గురించి, హోటల్ కిటికీలోంచి కనిపించే సరస్సు గురించి, మళ్లీ ఎప్పుడొస్తావన్న దాని గురించి. తిరిగి ఇస్తే తను చదివినట్టు తెలిసిపోతుంది. పారేయడానికి చేతులు రాలేదు. అలా డబ్బా అడుగుకు చేరింది.

ఇర్మెలి ఉత్తరాన్ని వేళ్ల మధ్య తిప్పింది. ఓడ డాక్టరు పెట్టె వైపు చూసింది. ఆ సీరియల్‌ను ప్రతి చలికాలమూ తీసుకెళ్లే మనిషి ఊళ్లో ఒకతే, కిరాణా కొట్లో కౌంటరు దగ్గర కూర్చునే లాహ్యా. అమ్మకానికి పెట్టాక దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు, లాహ్యా వదలదు. లాహ్యా నోట్లో నువ్వుగింజ నానదు. పదకొండింటికి ఆమెకు తెలిసిన సంగతి పన్నెండింటికి చర్చి దగ్గర, ఒంటిగంటకు పట్టణంలో ఉంటుంది.

పన్నెండుమంది ముసలమ్మలు కదా కలెర్వో, అనుకుంది. పదమూడో ముసలమ్మ లెక్కలోకి రాలేదు నీకు.

కానీ ఉత్తరాన్ని ఆ రోజు డబ్బాలోనే పెట్టేసింది.

గురువారం మంచు పడింది. చాలదన్నట్టు గాలి కూడా. అయినా తలుపు తీయకముందే మెట్ల మీద తొమ్మిదిమంది ఉన్నారు, రెండేసి మీటర్ల దూరంలో, ఒకరి మొహం ఒకరు చూడకుండా. లోపలికి వచ్చి బూట్లు దులుపుకుని, మాట లేకుండా పిల్లల పుస్తకాలు ఏరుకున్నారు. అట్ట ఊడిన ఎలుగుబంటి కథ ఒకటి పట్టుకుని ఒకాయన చాలాసేపు నిలబడ్డాడు. అతని కూతురు ఇప్పుడు నర్సు.

“ఇది మా పాప చింపిందే,” అన్నాడు చివరికి.

“తెలుసు,” అంది ఇర్మెలి. “అతికించింది నేనేగా.”

అతను తల ఊపి, పుస్తకాన్ని కోటు లోపల పెట్టుకుని వెళ్లిపోయాడు.

రెండింటికి ఐలా వచ్చింది. గురువారం రెండింటికి ఐలా రాకపోతే ఇర్మెలి గడియారాన్ని అనుమానించేది. బడిలో రెండు తరగతుల తేడా ఇద్దరికీ. సన్నగా, నిటారుగా, తలకు ఎప్పుడూ అదే నీలం ఉన్ని టోపీ. పద్నాలుగేళ్లుగా ఇర్మెలి ఆమె మొహంలోకి చూసినప్పుడల్లా గొంతు కాస్త తగ్గించేది. కొత్త నవల ఏదొచ్చినా జాబితాలో ఎవరున్నా సరే, ముందు ఐలా కోసం పక్కన పెట్టేది. ఎంత అమాయకురాలు, పాపం, అనుకునేది.

“ఇదిగో, ఇంక ఇవ్వాల్సింది ఏమీ లేదు,” అంది ఐలా, చివరి పుస్తకం బల్ల మీద పెట్టి.

“నీకోసం ఒకటి పక్కన పెట్టానే. నిన్న వచ్చింది. పట్టణం నుంచి తీసుకున్నట్టు రాసేస్తాను, చదివి నెమ్మదిగా పంపించు.”

“ఎప్పుడూ నాకే ఎందుకు పెడతావు ఇర్మెలీ?”

“నువ్వు బాగా చదువుతావని.”

“ఊళ్లో ఇంకా చదివేవాళ్లున్నారు.” ఐలా చేతి తొడుగులు తొడుక్కుంటూ కిటికీలోంచి చూసింది. “ఇవాళ చలి ఎక్కువ.”

“గాలి కూడా ఉంది.”

“గాలే అసలు.”

నవల బల్ల మీదే ఉండిపోయింది. ఐలా మెట్లు దిగుతుంటే ఇర్మెలి చూస్తూ నిలబడింది. కలెర్వోకి కొట్టే దెబ్బ ముందు ఈ మనిషికి తగులుతుంది. కొట్లో పాలు కొనుక్కోడానికి వెళ్తే లాహ్యా మొహం చూడాలి, చర్చిలో ఏ బెంచీ మీద కూర్చోవాలో ఆలోచించుకోవాలి. ఏ పాపం ఎరుగని మనిషికి ఈ శిక్ష ఎందుకు? ఇరవై ఏడేళ్లు కంచెలా నిలబడి ఇప్పుడు తనే చేను మేయడం ఏమిటి? ఆ రాత్రి ఇర్మెలి ఇంటికి వెళ్లి ఉత్తరాన్ని బయటపెట్టే ఆలోచనను పక్కన పెట్టేసింది. ఉత్తరాన్ని శనివారం చించి పొయ్యిలో వేద్దామనుకుంది.

శుక్రవారం పదకొండింటికి కలెర్వో వచ్చాడు. చేతిలో కొలిచే టేపు ఉంది. వెనక వేటసంఘం వాళ్లు ఇద్దరు.

గదిలో అప్పటికి పదిహేనుమంది ఉన్నారు. పెద్దలు పుస్తకాలు ఏరుకునే రోజు, బల్లల చుట్టూ వంగి ఉన్నారు. కలెర్వో వాళ్ల మధ్య నుంచే టేపు లాగాడు.

“కాస్త తప్పుకోండమ్మా. ఆ, అలాగే. గోడ నుంచి గోడకు ఎంతొచ్చింది?”

“ఆరు మీటర్ల నలభై,” అన్నాడు వెనక వచ్చినవాళ్లలో ఒకడు.

“భేషుగ్గా సరిపోతుంది. మాంసం వేలాడదీసే కొక్కేలు ఈ వైపు, చల్లపెట్టె అదిగో, ఆ పిల్లల మూల. నీళ్లు కడగడానికి నేల మధ్యలో కాలువ తీయించాలి.”

అప్పటిదాకా ఊళ్లో ఎవరికీ తెలియదు. గది ఖాళీగా ఉంటుందనుకున్నారు. దుప్పి మాంసం కోసే కొట్టు అవుతుందని ఎవరనుకున్నారు!  హత్యకథల దగ్గర నిలబడ్డ ఒక ముసలావిడ చేతిలో పుస్తకం మూసి, మళ్లీ అదే పేజీ తెరిచింది. అంతే.

“ఇర్మెలీ,” అన్నాడు కలెర్వో, టేపు చివర పట్టుకుని. “నీ కుర్చీ కాస్త జరుపు. బల్ల వెనక ఎంతుందో చూడాలి.”

“ఇప్పుడు కూర్చుని ఉన్నానండీ.”

“చూస్తున్నాగా. అందుకే జరపమంటున్నా.”

“శనివారం దాకా ఇది లైబ్రరీ అండి.”

“అయ్యో, శనివారం దాకా ఏమిటి, నువ్వు ఎక్కడ కూర్చుంటే అదే లైబ్రరీ.” వేటసంఘం వాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వాక కలెర్వో తనూ నవ్వాడు. “కోపం తెచ్చుకోకు. నీకు పట్టణంలో వెచ్చటి గది ఇప్పించాను కదా. రేపు పేపరు వాళ్లు ఫొటోకి వస్తున్నారు, మనం ముగ్గురం, నువ్వు, నేను, ఐలా. మంచి స్వెటరు వేసుకుని రా.”

ఇర్మెలి లేచి కుర్చీ జరిపింది. కలెర్వో బల్ల వెనక వంగి టేపు నేలకు ఆనించాడు. ఆయన మోకాలు బిస్కెట్ డబ్బాకు తగిలింది. డబ్బా చప్పుడు చేసింది. ఆయన దాన్ని కాలితో పక్కకు నెట్టి అంకె చెప్పాడు.

పుండు మీద కారం చల్లినా ఓర్చుకుంటాం, చల్లి నవ్వితేనే తట్టుకోలేం. ఆ మధ్యాహ్నం జనం తగ్గాక ఇర్మెలి డబ్బా మూత తీసింది. ఉత్తరం బయటికి తీసి, ఓడ డాక్టరు పెట్టె అట్ట వెనక జేబులో పెట్టింది. లోపలికి పూర్తిగా నెట్టలేదు. లాహ్యా కళ్లు చురుకైనవే గాని చేతులు మొరటువి, జేబులో దాగి ఉంటే చూడకుండానే ఏడాది గడిపేస్తుంది. అందుకని కవరు అంచు రెండు వేళ్ల మేర బయటికి ఉంచింది.

ఒక్క చిక్కుంది. కొనేవాళ్ల ఎదుట ప్రతి సినిమా పెట్టె తెరిచి డిస్కు ఉందో లేదో చూపించి ఇవ్వడం ఆమె అలవాటు. ఆ ఒక్కటీ తెరవకూడదు. లాహ్యా చేతిలోంచి తీసుకోవాలి, సంచిలో వేయాలి, మంచిదమ్మా వెళ్లిరా అనాలి. ఇర్మెలి అద్దం ముందు నిలబడినట్టు ఆ మాట రెండుసార్లు అని చూసుకుంది. గొంతు మామూలుగానే వచ్చింది. ఐలాని తలుచుకుంది, మరీ ఎక్కువసేపు తలుచుకోకుండా ఆపేసింది.

శనివారం ఇర్మెలి మంచి స్వెటరు వేసుకోలేదు. పొద్దున్నే లేచి ఏలకుల రొట్టెలు చేసి తెచ్చింది, కాఫీ పెద్ద కెటిలులో పెట్టింది. చివరి రోజు కాఫీ ఇవ్వకపోతే ఊళ్లో పడే మాట లైబ్రరీ మూసినదానికన్నా పెద్దది. సినిమాలన్నీ కిటికీ వైపు పొడుగు బల్ల మీద నిలువుగా పేర్చింది, వీపులు పైకి. ఓడ డాక్టరు మాత్రం ఆ చివర, వెడల్పుగా, కనబడేలా.

లాహ్యా కొట్టుకు విరామం పదకొండింటికి. పదిన్నరకు ఐలా వచ్చింది, ఒంటరిగా.

“ఆయన పేపరు వాళ్లకోసం రోడ్డు మీద నిలబడ్డాడు,” అంది టోపీ తీస్తూ. “మలుపు కనుక్కోలేరని భయం. ఉన్నదే ఒక మలుపు.”

“కాఫీ పోసుకో.”

ఐలా కాఫీ పోసుకుంది గాని తాగలేదు. కప్పు పట్టుకుని సినిమాల బల్ల వెంట నెమ్మదిగా నడిచింది. ఇర్మెలి రొట్టెల మీద గుడ్డ సర్దుతూ, కనుకొలకుల్లోంచి చూస్తూనే ఉంది. యుద్ధం సినిమాలు దాటింది. కార్టూన్లు దాటింది. ఓడ డాక్టరు దగ్గర ఆగింది. 

ఐలా కప్పు కిందపెట్టింది. పెట్టెను తీసుకుని, బయటికి వచ్చిన కవరు అంచు మీద రెండు వేళ్లు ఆనించింది. కొలుస్తున్నట్టు అలాగే ఉంచింది. తర్వాత పెట్టెను పట్టుకుని ఇర్మెలి బల్ల దగ్గరికి వచ్చింది.

“పారేసి ఉంటావనుకున్నాను,” అంది.

ఇర్మెలి చేతిలోని గుడ్డ వదిలేసింది.

“ఇలాగే పెట్టాను నేను కూడా. రెండు వేళ్లు. అంతకన్నా ఎక్కువ ఉంటే కావాలని పెట్టినట్టు ఉంటుంది, తక్కువుంటే నీకు కనబడదు. కారులో పక్క సీటు మీద పెట్టుకుని వచ్చాను. దారిలో మూడుసార్లు ఆపి సర్దాను.”

“నువ్వా పెట్టింది?”

“ఆ మనిషికి పుస్తకంలో ఉత్తరం దాచేంత తెలివి ఉంది, అందులోనే మరిచిపోయేంత మతిమరుపు లేదు. ఆయన వేటకు వెళ్లినప్పుడు నాకు దొరికింది. ఎవరితో చెప్పుకోను? నా నోటితో నేను చెప్పలేను. మా అమ్మ చెప్పగలిగేది కాదు, నేనూ అంతే. నీ చేతిలో పడితే నువ్వు చెప్తావనుకున్నాను. ఎవరో ఒకరి చెవిన వేస్తావు, అది తిరిగి తిరిగి నా దగ్గరకే వస్తుంది, అప్పుడు ఊరంతా ఎదురుగా ఉండగా ఆయన్ని అడగొచ్చు. అందరికీ తెలిసినదాన్ని అడగడానికి ధైర్యం అక్కర్లేదు కదా.”

“నేను ఎలా చెప్తాను ఐలా? లైబ్రరీలో...”

“తెలుసు. చట్టం.” ఐలా గొంతు పెంచలేదు. “వారం చూశాను. నెల చూశాను. గురువారం గురువారం వచ్చి నీ మొహం చూశాను. నువ్వు ఏం చేశావు? గొంతు తగ్గించావు. నవలలు పక్కన పెట్టావు. ఎందుకు పెడుతున్నావో తెలియదనుకున్నావా? పద్నాలుగేళ్లు నీ జాలి మోసుకుని ఇంటికెళ్లాను ఇర్మెలీ, సంచిలో పుస్తకాలతో పాటు. ఊరంతా నిన్ను మెచ్చుకునేది, ఎంత గుట్టు మనిషో అని. నేను మాత్రం మెట్లు దిగుతూ తిట్టుకునేదాన్ని.”

కిటికీ బయట కారు ఆగిన చప్పుడైంది. ఇద్దరూ అటు చూశారు. ఇంకా ఎవరూ దిగలేదు.

“నాకు చెప్పొచ్చు కదా,” అంది ఇర్మెలి.

“నువ్వూ నాకు చెప్పొచ్చు కదా.” ఐలా తొడుగులు విప్పి ఒకదానిమీద ఒకటి పెట్టింది. “ఇంకో సంగతి కూడా విను. లైబ్రరీ మూయాలన్నది ఆయన బుర్రలో పుట్టింది కాదు. ఆయన బుర్రలో ఏదైనా దిగాలంటే ప్రతి గురువారం మా ఇంట్లో కాచే బఠానీ సూపుతో పాటు దిగాలి. మూడేళ్లు దించాను. ఎవరు పోతున్నారు అక్కడికి, పన్నెండుమంది ముసలమ్మలు, వాళ్లూ హీటరు కోసం, అని. మాట కూడా నాదే. సూపు తిని గిన్నె కడుక్కుని, రెండింటికి నీ దగ్గరకే వచ్చేదాన్ని.”

ఇర్మెలి గోడ మీది పేపరు ముక్క వైపు చూసింది. ఏప్రిల్ నుంచి రోజూ చదివిన మాట అది. ఇన్నాళ్లూ అందులో కలెర్వో గొంతు వింది, అది ఐలాది. రాజుకున్న కోపం ఒక్క క్షణం ఆరి, మళ్లీ ఇంకోవైపు నుంచి అంటుకుంది. పిల్లల మూల, అతికించిన ఎలుగుబంటి, మెట్ల మీద నిలబడ్డ తొమ్మిదిమంది, అన్నీ ఈ నీలం టోపీ కిందనుంచే పోయాయన్నమాట.

“నా మీద కోపానికి ఊరి లైబ్రరీని చంపావా?”

“నీ దగ్గర ఇంకేముంది పోగొట్టడానికి?”

అది నిజమే. ఆ నిజం ఇర్మెలికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఐలా పెట్టెను మళ్లీ కిటికీ బల్ల దగ్గరికి తీసుకెళ్లి, ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే పెట్టింది. కవరు అంచును చిటికెనవేలితో సవరించింది. వెనక్కి తిరిగినప్పుడు మొహంలో చాలా ఏళ్లుగా లేనిది ఏదో ఉంది. వయసు తగ్గినట్టు కనిపించింది.

“పదకొండింటికి వస్తుంది కదా లాహ్యా,” అంది. “ఎవరి పుస్తకం ఎవరికో నీకే తెలుస్తుంది. బాగా ఎంచావు. ఆలస్యమైతే అయింది గానీ, నా పని చేసిపెట్టావు.”

తలుపు తోసుకుని కలెర్వో వచ్చాడు, వెనక కెమెరాతో పేపరు కుర్రది. ఆ వెనకే, చలికి ముక్కు ఎర్రబడి, కొట్టు ఏప్రను మీదే కోటు వేసుకుని లాహ్యా.

“ఏమే ఇర్మెలీ, నా డాక్టరు ఉన్నాడా, ఎవరైనా ఎగరేసుకుపోయారా?” అని గుమ్మంలోంచే అరిచింది. “అమ్మయ్య, ఉన్నాడు! ఏమిటో, వీడు మా ఆయనకన్నా నమ్మకస్తుడు. ప్రతి జనవరికీ వస్తాడు, సాక్సులు ఉతకమనడు.”

పేపరు పిల్ల నవ్వింది. కలెర్వో గట్టిగా నవ్వాడు. లాహ్యా పెట్టెను చంకలో పెట్టుకుని, దారిలో ఒక రొట్టె నోట్లో పెట్టుకుని, బల్ల దగ్గరికి వచ్చింది. ఐలా కాఫీ కప్పు పట్టుకుని అయిదడుగుల దూరంలో నిలబడింది. కప్పులో కాఫీ కదలడం లేదు.

“ఇదిగో. సంచిలో వెయ్యి.”

ఇర్మెలి పెట్టె అందుకుంది. తెరవకూడదని నిన్న నిశ్చయించుకున్న పెట్టె. కవరు అంచు ఆమె అరచేతికి తగిలింది. సంచిలో వేయడానికి ఒక్క క్షణం చాలు. కలెర్వో కొక్కేలు ఎక్కడ వస్తాయో పేపరు పిల్లకు చేత్తో చూపిస్తున్నాడు. ఐలా ఆయన వైపు చూడటం లేదు. ఇర్మెలి చేతుల వైపే చూస్తోంది.

ఇర్మెలి తల ఎత్తి ఐలాని చూసింది. గొంతు తగ్గించలేదు.

“ఐలా, నువ్వు లాహ్యాకి ఏదో చెప్పాలన్నావుగా. చెప్పు. ఇక్కడే ఉంది.”

లాహ్యా నోట్లో రొట్టెతో గిరుక్కున తిరిగింది. “ఏంటి? ఏంటి చెప్పాలి?”

ఐలా పెదాలు విడివడ్డాయి. గదిలో హీటరు చప్పుడు వినిపించింది.  ఆమె లాహ్యాని చూసింది, భర్త వీపును చూసింది, మళ్లీ లాహ్యాని చూసింది. ఎంతసేపో.

“ఇవాళ చలి ఎక్కువ,” అంది ఐలా.

“అదా! నేనింకా ఏంటో అనుకున్నా. చలే మరి, నవంబరు కదా.”

ఇర్మెలి పెట్టె తెరిచింది. పదకొండు డిస్కులూ ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూసింది. తొందరపడలేదు. అట్ట వెనక జేబులోంచి కాగితాలు లాగింది. సీరియల్ వివరాల కాగితం తిరిగి పెట్టింది. కవరును పేరు కనబడకుండా బోర్లించి, బల్ల కింద వంగి, బిస్కెట్ డబ్బాలో వేసి మూత నొక్కింది.

“ఏంటే అది?” లాహ్యా మెడ చాచింది.

“ఎవరో మరిచిపోయింది.”

“ఎవరు?”

“లైబ్రరీలో అది చెప్పం.”

“ఛ, చివరి రోజు కూడానా! నీ నోరు తెరిపించడం దేవుడి వల్ల కూడా కాదే తల్లీ.” లాహ్యా సంచి భుజాన వేసుకుంది. “ఐలా, నువ్వైనా చెప్పు దీనికి.”

 ఐలా కప్పును బల్ల అంచున పెట్టబోతే అది సరిగ్గా ఆనక పడిపోయింది. కాఫీ నేల మీద, కలెర్వో కాలువ తీయిస్తానన్న చోట పారింది.  పేపరు పిల్ల గుడ్డ తెచ్చి తుడిచింది.

“రండి రండి, వెలుతురు ఉండగానే కానిచ్చేద్దాం,” అన్నాడు కలెర్వో. ఇద్దరినీ ఖాళీ అరల ముందు నిలబెట్టాడు, తను మధ్యలో, చెరో భుజం మీద చెయ్యేసి. కెమెరా మూడుసార్లు చప్పుడు చేసింది. నవ్వమని పేపరు పిల్ల అడిగింది. ఇర్మెలి నవ్వింది.

మూడింటికి అందరూ వెళ్లిపోతున్నారు. కలెర్వో కారు వేడెక్కించడానికి ముందే బయటికి వెళ్లాడు. ఐలా టోపీ పెట్టుకుని, తొడుగులు తొడుక్కుని, గుమ్మం దగ్గర ఆగింది. ఇర్మెలి చంకలో బిస్కెట్ డబ్బా ఉంది. సోమవారం ఆమెతోపాటు పట్టణానికి పోయేదే, ఇంకెక్కడికీ పోనిది.

“అది నాకు ఇచ్చెయ్,” అంది ఐలా, ఊపిరి వదిలినంత మెల్లగా.

“కవరు మీద ఉన్నది నీ పేరు కాదు.”

ఇర్మెలి బల్ల మీదినుంచి గురువారం నాటి నవల తీసుకుంది. వీపు పట్టుకుని తలకిందులు చేసి మూడుసార్లు దులిపింది. ఏమీ రాలలేదు. దాన్ని రెండు చేతులతో ఐలా చేతుల్లో పెట్టి, పద్నాలుగేళ్లుగా చూసిన ఆ మెత్తటి చూపే మళ్లీ చూసి, గొంతు తగ్గించింది.

“నీకోసమే పక్కన పెట్టాను, పాపం.”